మీసాలకు తలనొప్పి

బొగ్గుబాయిలో నా పక్కన కూర్చుని సద్ది తినేవాడు సదయ్య ఒక్కడే. మిగతావాళ్లు నేను మూత తీయకముందే తలో దిక్కు జరిగేవాళ్లు. నా నోటి దురుసు అలాంటిది మరి, అనుకునేవాణ్ణి. "పోతే పోండ్రి, మీ మొకాలు నంచుకొని తింటనా" అని నేనూ అటు తిరిగి కూర్చునేవాణ్ణి.

సదయ్య మాత్రం నా పక్కనే చతికిలబడి, సద్ది విప్పే ముందు జేబులోంచి చిన్న జండుబామ్ డబ్బా తీసి మీసాల మీద రాసుకునేవాడు.

"ఏందిర, మీసాలకు తలనొప్పా?" అనేవాణ్ణి.

"తలనొప్పేర రాయమల్లు. నీ మాటలు విని విని" అనేవాడు నవ్వుతూ. ఎనిమిదేళ్లు అదే మాట, అదే నవ్వు.

పోయిన ఎండాకాలం గుండె ఆగి చనిపోయాడు. నా భార్య పూలమ్మ అంతకు చాలా ముందే పోయింది. ఇప్పుడు గోదావరిఖని క్వార్టర్లో ఒక్కణ్ణే వండుకుంటాను, బాయిలో ఒక్కణ్ణే తింటాను. పైగా తొమ్మిదేళ్లుగా నాకు వాసన తెలియదు. ముక్కులో చీము, కళ్ల కింద నొప్పి, రెండు ఆపరేషన్లు, సంచుల కొద్దీ గోలీలు. మింగినన్నాళ్లు తగ్గడం, ఆపగానే మళ్లీ రావడం. పప్పు పోపు వేసినా, బెండకాయ మాడినా నాకు ఒకటే. మనిషి తోడు ఎలాగూ లేదు, కనీసం తిండి వాసనైనా తిరిగొస్తే చాలనిపించేది.

హైదరాబాదులో ఒక దవాఖానలో కొత్త మందును పరీక్షిస్తున్నారంటే వెళ్లాను. అక్కడి డాక్టర్ ప్రసూన గారు ఓపిగ్గా చెప్పారు. "మీ ముక్కు లోపల బ్యాక్టీరియా పాచిలా పొర కట్టుకుని దాని కింద దాక్కుందండీ. మందు బిళ్లల బలం అక్కడిదాకా చేరడం లేదు. బ్యాక్టీరియాను చంపే వైరస్‌లు ఉంటాయి, ఫేజ్‌లంటాం. మీకు సరిపోయేది మురుగునీళ్లలో దొరికింది. దాన్ని శుద్ధి చేసి, పొరను కరిగించే ఎంజైమ్ కూడా కలిపి ఇస్తున్నాం."

మోరీ నీళ్ల మందు. సదయ్య ఉంటే ఎంత నవ్వేవాడో.

సీసాలు ఫ్రిజ్‌లో పెట్టుకుని, పద్నాలుగు రోజులు పొద్దునా సాయంత్రం దాంతో ముక్కు కడుక్కోవాలి. నేను తెలివిగలవాణ్ణి కదా. అంత చల్లటిది ముక్కులో పోస్తే పడిశం పట్టదా? చిన్నప్పుడు మా అవ్వ ముక్కులో వేసే నూనెను కూడా కాచే వేసేది. నేనూ ప్రతి సీసానూ మరిగే నీళ్లలో నిలబెట్టి, గోరువెచ్చగా చల్లార్చి పోసుకున్నాను. ఇసుమంత గుణం కనిపించలేదు. మళ్లీ దవాఖానకు వెళ్లి జరిగింది చెప్పాను.

"రాయమల్లుగారూ, ఫేజ్‌లను ఉడకబెట్టేశారండీ" అన్నారు డాక్టరమ్మ. తిట్టలేదు. మళ్లీ తయారుచేయించి ఇచ్చారు. రైల్లో రామగుండం దాకా సిగ్గుతో తలెత్తలేదు నేను.

ఈసారి బుద్ధిగా చల్లగానే పోసుకున్నాను. వారం తిరిగేసరికి ముక్కులోంచి పచ్చటి పెచ్చులు ఊడివచ్చాయి. పన్నెండో రోజు పొద్దున్నే లేచేసరికి గదిలో ఏదో కుళ్లిన కంపు. ఎలుక చచ్చిందనుకుని మంచం కింద, బియ్యం డ్రమ్ము వెనక అంతా వెతికాను. నాకు వాసన తెలుస్తోందన్న సంగతి అప్పుడు తట్టింది. పట్టలేని సంతోషంతో మరింత వెతికాను. చివరికి దొరికింది. అది నా దిండు. బాయికి రోజూ మెడలో వేసుకుపోయే తువ్వాల అంతకన్నా ఘోరంగా ఉంది.

ఇన్నేళ్లూ నా ముక్కులోంచి వచ్చిన కంపు అది. బాయిలో వాళ్లు తలో దిక్కు జరిగింది నా నోటి దురుసుకు కాదు, ఈ కంపుకు. మరి సదయ్య ఒక్కడే ఎందుకు జరగలేదు?

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి కమాన్‌పూర్ పోయాను. సదయ్య భార్య కనకవ్వ ఉండేది అక్కడే.

"చెల్లె, సదయ్యకు తలనొప్పి ఉండెనా?" అని అడిగాను.

"తలనొప్పా? ఆయనకు ఎన్నడు లేదన్న."

"మరి జండుబామ్?"

"గా డబ్బానా? ఇంట్ల ఎన్నడు రాసుకోలె. డ్యూటీకి పొయ్యేటప్పుడే జేబుల ఏసుకునేటోడు. ఎందుకో నేను అడగలె."

ఆఖరి డబ్బా ఇంకా గూట్లో ఉంది. తెచ్చి నా చేతిలో పెట్టింది. అడుగున సదయ్య గోరు గీకిన గీతలు. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఘాటు నెత్తికెక్కింది. కళ్లలో నీళ్లు ఆగలేదు.

"ఏమైందన్న?" అంది కనకవ్వ.

ఎనిమిదేళ్లు సదయ్య ప్రతి ముద్దా ఈ వాసనతోనే తిన్నాడు.