శఠగోపాచార్యుల కంచె

శరత్కాలబాలభాస్కరుని కిరణములు అజామాబాదు కర్మాగారముల రేకుకప్పులపై బంగారునీరు చిలుకుచుండ, బంతిపూదండలతో పసుపుకుంకుమలతో సకలయంత్రములును పెండ్లికూతుండ్రవలె విరాజిల్లు ఆయుధపూజాదినమున, భుజంగరావుగారి కంప్యూటరు కర్మాగారమునందు ఒక్క యంత్రమునకు మాత్రము బొట్టు పెట్టువారు లేరైరి.

అది కొమాండూరి శఠగోపాచార్యులు యౌవనమెల్ల ధారవోసి నిర్మించినది. తక్కిన కంప్యూటరులయందు ఒక లెక్క దారి తప్పెనా ప్రక్కలెక్కలనన్నిటిని త్రొక్కి పాడుచేయును. ఆచార్యులు ప్రతిలెక్కకును వేరొక గది కల్పించి ఒకటి మరియొకదానిలో కాలు పెట్టకుండ కంచె కట్టెను. అయిననేమి! వెల హెచ్చయ్యెనని దానిని కొనినవాడొక్కడును లేడు. భుజంగరావో కంచెలేని చౌకయంత్రములనమ్మి మేడపై మేడ కట్టెను. అమ్ముడుపోయినదే గొప్పదట! ఈ నీతి నేర్పిన గురువెవ్వడో కాని వానికొక దండము.

మరునాడు మద్రాసు ఇంజనీర్లు చూపుటకై తేనున్న నూతనయంత్రమునకు చోటు కావలెనని భుజంగరావు ఆ యంత్రమును పగులగొట్టి రాగి తీయుడని యాజ్ఞాపించెను.

"ఇయ్యాల పనిముట్టు ముట్టం సార్. అమ్మవారికి అప్పజెప్పినం," అని మేస్త్రీ మల్లయ్య చేతులు కట్టుకొనెను.

"రేపటిదాకా ఆగండి. ఆ వచ్చేవాళ్ళను ఒక్కసారి చూడనివ్వండి," అని ఆచార్యులు ప్రాధేయపడెను.

"ఎవడూ కొననిదాన్ని చూసేదేమిటయ్యా!" అని గర్జించి, ఔరా, ఆ ధనమదాంధుడు పూజలోనున్న సుత్తిని కుంకుమబొట్టుతోనే పెరికి తెచ్చి స్వహస్తములతో యంత్రమును తుత్తునియలు గావించెను. అడ్డుపడిన ఆచార్యుల నొక ప్రక్కకు నెట్టెను. పెరటిచెట్టు మందునకు పనికిరాదన్న లోకమునకు పెరటిచెట్టును నరకుటకు మాత్రము చేతులు వచ్చును గదా!

మరునాడు మద్రాసు ఇంజనీరు పేరిందేవి తన యంత్రమున బుద్ధిపూర్వకముగ నొక తప్పులెక్క వేసెను. అదియొక్కటియే ఆగెను. తక్కినవి నిరాటంకముగ సాగెను.

"అబ్బ! ఈ ఏర్పాటు ఎవరిదమ్మా?" అని భుజంగరావు నోరు తెరచెను.

"కొమాండూరివారిదండీ! ఆయన వ్యాసం చదివే మేమంతా కడుతున్నాం. ఆ మొదటి యంత్రం మీ దగ్గరే ఉందట. ఒక్కసారి చూసి దణ్ణం పెట్టుకోవాలని నేనే వచ్చాను. ఎక్కడండీ?"

మల్లయ్య మూలనున్న రాగితీగల కుప్పను చూపెను. ఆచార్యులు మాత్రము అటు చూడక నూతనయంత్రమును చేరి, తలుపు తీసి, లోని యమరికను వ్రేలితో తడవి తడవి చూచి, "గదుల్ని అవసరాన్నిబట్టి పెరిగేట్టు చేశావా తల్లీ! నాకిది తోచలేదు సుమా," అని వెక్కి వెక్కి యేడ్చెను.

భుజంగరావు అమ్మిన యంత్రములు దేశమంతట నున్నవి. వానిలో నొక్కదానికైనను దండము పెట్టుటకై యెవ్వరును రైలెక్కి రాలేదు.