దగ్గు విన్న చెవిమిషను

నేను ఒక చెవిమిషన్ని. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా, ఒక తీగ, చివర చెవిలో పెట్టుకునే బిరడా, అంతే నా ఒళ్లు. మద్రాసులో పుట్టాను. దామెర పురుషోత్తంగారి జేబులోకి చేరేసరికి ఆయనకు డెబ్బై రెండేళ్లు. ఒకప్పుడు మంత్రి. జైళ్ల మీద, లాకప్పుల మీద నాలుగు పుస్తకాలు రాసిన మనిషి.

ఆయనకో దొంగ అలవాటు ఉండేది. సభలో ఎవరైనా "మహానుభావులు" అనగానే బొటనవేలు జేబులోకి వెళ్లి, టిక్కుమని నా గొంతు నొక్కేసేది. తల వంచుకుని హాయిగా కూర్చునేవారు. జనమేమో, 'ఆహా, ఎంత వినయం!' అనుకునేవారు. కోడలు భానుమతి మాత్రం "సెల్లు మిగుల్చుకుంటున్నారా మామయ్యగారూ?" అని ఎగతాళి చేసేది. నాలో వేసే బ్యాటరీ సెల్లు మద్రాసు నుంచి రావాలి మరి.

మానవహక్కుల సేవకుగాను టౌన్‌హాల్లో ఆయనకు సన్మానం చేసిన రోజూ అంతే. నాలో ఉన్నది చివరి సెల్లు. మొదటి వక్త నోరు తెరవగానే నేను నిద్రపోయాను. మళ్లీ టిక్కుమని లేపేసరికి చప్పట్ల హోరు. అందరూ చప్పట్లు కొడుతుంటే వేదిక కింద ఒక ఆడమనిషి మాత్రం చేతులు జోడించి ఏదో అంటోందట. అది చూసి నన్ను లేపారు.

"బాబూ, నాను గౌరమ్మని. జూటుమిల్లు సమ్మెలో మా ఎర్రయ్యని టేసనుకి తీసుకుపోనారు. మూడ్రోజులైంది. అడిగితే మాకాడ లేడంతన్నారు. సంపేసినారేమో బాబూ!"

పెద్దాయన శాలువా కుర్చీ మీద వదిలేసి, మెడలో దండతోనే ఆమెను వెంటబెట్టుకుని రిక్షా ఎక్కారు. "అయ్యా, ఇంకా ఐదుగురు మాట్లాడాలండీ!" అని సభ కార్యదర్శి వెనక నుంచి మొత్తుకున్నాడు.

పోలీసు స్టేషన్లో హెడ్డు కానిస్టేబులు మర్యాదగా కుర్చీ వేశాడు. "ఎర్రయ్యా? ఆ పేరుగలోడు ఇక్కడికి రానేలేదండి."

పెద్దాయన జేబులో చెయ్యి పెట్టి, నా గొంతు పెంచే చక్రాన్ని చివరిదాకా తిప్పారు. అమ్మో, నాకు ప్రాణం పోయినంత పనైంది! ఫ్యాను కిర్రు, గోడ మీద బల్లి, హెడ్డు మింగిన గుటక, అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. వాటి వెనక, తాళం వేసిన సామాన్ల గదిలోంచి, ఎవరో నోరు మూసుకుని దగ్గిన దగ్గు. జనపనార దుమ్ము తిన్న ఛాతీలోంచి వచ్చే దగ్గు.

"ఆ గదిలో ఎవరు?"

"ఎవరూ లేరండి. నాకేం వినపడలేదే!"

"చెవిటివాణ్ణి, నాకు వినపడింది. నీకు వినపడలేదా నాయనా? తాళం తియ్యి. తీసేదాకా ఇక్కడే కూర్చుంటాను."

గంటకు తీశారు. ఎర్రయ్య ఒళ్లంతా వాచిపోయి, గోడ పట్టుకుని బయటికొచ్చాడు. గౌరమ్మ అతన్ని వాటేసుకుని ఘొల్లుమంది. "బతికే ఉన్నావా మావా! నీ దగ్గు సల్లగుండ!"

ఆ మాట వినిపించాకే నా సెల్లు అయిపోయింది. పొగడ్తలన్నీ వినుంటే టౌన్‌హాల్లోనే అయిపోయేది. భానుమతి ఇక ఎప్పుడూ ఎగతాళి చేయలేదు.

పెద్దాయన పోయాక ఆయన ఇల్లు గ్రంథాలయమైంది. నన్ను అద్దాల బీరువాలో, ఆ సన్మాన ఫలకం పక్కన పెట్టారు. ఏటా వర్ధంతికి ఇక్కడే ఉపన్యాసాలు. నాలో సెల్లు లేదు, హమ్మయ్య, ఒక్క ముక్కా వినపడదు. ఎర్రయ్య కూడా వస్తాడు, గౌరమ్మ చెయ్యి పట్టుకుని. నా ముందు నిలబడి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుంటాడు. భుజాలు ఎగిరిపడతాయి. వినపడకపోతేనేం, నాకు తెలుసు, దగ్గుతున్నాడు. దగ్గుతున్నాడంటే ఉన్నాడు.