కాజాలూ, డ్రిల్లూ, ఒక తొట్టి లెక్క

ఆ రోజుల్లో బడిపంతులు కావాలంటే మగవాడికి డ్రిల్లు రావాలి, ఆడదానికి కుట్టు రావాలి. మరి లెక్కలు? వస్తే మంచిదే. ఈ నిబంధన రాసిన మహానుభావుడెవడో గానీ, వాడు ఏ బడి గడపా తొక్కిన పాపాన పోలేదని చిన్న పంతులమ్మ గట్టి నమ్మకం.

ఆమెకు లెక్కలంటే ప్రాణం. ట్రైనింగు పరీక్ష గట్టెక్కకపోయినా తాత్కాలికంగా అయిదో తరగతికి లెక్కలు చెబుతోంది. ఈసారి ప్యాసైతే ఆ తరగతి తనకే ఖాయమవుతుందని ఆశ పెట్టుకుంది. ప్యాసవ్వాలంటే పరీక్ష గదిలో పిల్లల చొక్కా ఒకటి, గుండీలు దూరే కాజాలతో సహా, కుట్టి చూపించాలి. అంతకుముందు రెండుసార్లూ ఆ కాజాల దగ్గరే బోల్తా కొట్టింది.

"లెక్కల్లో నూటికి నూరొచ్చినదాన్ని. నాకు కాజాలెందుకు వదినా? పిల్లలకి గుండీలు నేను పెట్టాలా?"

"నీ నోరు కుట్టడం నావల్ల కాదుగానీ, కాజా కుట్టడం నేర్పిస్తా. రా, కూర్చో," అంది వదిన.

వేళ్ళు పొడుచుకుంటూ, నిబంధన రాసినవాడి ఏడు తరాలనూ తిట్టుకుంటూ నేర్చుకుంది. పరీక్షలో అధికారి ఆమె కుట్టిన చొక్కాను తిరగేసీ బోర్లేసీ చూశాడు. ఆయన సొంత చొక్కాకి పై గుండీ ఊడిపోవడానికి సిద్ధంగా వేలాడుతోంది. ఈయనా నాకు మార్కులేసేది అనుకుని, నవ్వు రాకుండా పళ్ళు బిగించింది. కుట్టులో ఆమెకే ఫస్టు ఇచ్చాడు.

బడి తెరిచిన రోజున హెడ్మాస్టారు పిలిచాడు.

"శభాషమ్మా! కుట్టులో ఫస్టు! ఇకనుంచి మన బడికి కుట్టు టీచరువి నువ్వే."

"మరి లెక్కలండీ?"

"లెక్కల పోస్టుకి డ్రిల్లు జత చేశారమ్మా. నిబంధన. డ్రిల్లంటే ఏమనుకున్నావు? మా బ్యాచిలో నేనే ఫస్టు. ఇప్పటికీ నిద్దట్లో లేపి చేయమన్నా చేస్తా."

అంటూ ఛాతీ విరిచాడు. ముందుకొచ్చింది మాత్రం పొట్ట. నువ్వూ నీ డ్రిల్లూ అని ఆమె మనసులోనే అనుకుని, సూదుల డబ్బా పుచ్చుకుని కుట్టు గదికి వెళ్ళింది. అక్కడ ఎవరూ చూడకుండా కాసేపు ఏడ్చింది కూడా.

అయిదో తరగతికి కొత్త మాస్టారొచ్చాడు. డ్రిల్లులో ఘనుడు, లెక్కల్లో అత్తెసరు మార్కులవాడు. ఆ తరగతికీ కుట్టు గదికీ మధ్య ఉన్నది వెదురు తడిక. ఆయన గొంతు తడిక దాటి వచ్చేది.

"ఒక పంపు తొట్టిని నాలుగు గంటల్లో నింపుతుంది. ఇంకో పంపు ఆరు గంటల్లో. రెండూ ఒకేసారి తిప్పితే? నాలుగూ ఆరూ పది గంటలు! రాసుకోండి!"

"రెండు పంపులు తిప్పితే ఇంకా ఆలస్యమవుతుందా మాస్టారూ?" ఒక పిల్ల గొంతు.

"ఎదురు చెబుతావా? ఎక్కు బెంచీ!"

చిన్న పంతులమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఈయన అరుపుకి నీళ్ళు కూడా భయపడి పంపులోనే ఆగిపోతాయి కాబోలు అనుకుంది. వేలికి సూది గుచ్చుకున్నా పట్టించుకోలేదు.

ఇంటర్వెల్లులో మాస్టారు అటూ ఇటూ చూసి కుట్టు గదిలోకి జారుకున్నాడు.

"టీచరుగారూ, ఆ తొట్టి లెక్క కాస్త... రహస్యంగా... పిల్లలు నవ్వుతున్నారండీ. ఆ పిల్లని బెంచీ మీదనుంచి ఎలా దింపాలో కూడా తెలీట్లేదు."

"రహస్యంగానా? లెక్క తప్పు చెప్పినప్పుడు బడంతా వినిపించిందిగా! పిల్లల్ని ఇక్కడికి తీసుకురండి. వాళ్ళకి నేను చెబుతా. మీరు వెనక కూర్చుని కాజా కుట్టండి. నేను కుట్టాకే ఈ గదిలోకొచ్చాను, మీకు మాత్రం ఊరికే ఎందుకు?"

గంట కొట్టగానే ఆయన పిల్లలతో సహా వచ్చి, వెనక బల్ల మీద ఒదిగి కూర్చున్నాడు. ఆమె బోర్డు మీద తొట్టి గీసింది.

"గంటలో మొదటి పంపు ఎంత తొట్టి నింపుతుంది?"

"నాలుగో వంతు!" అంది బెంచీ దిగిన పిల్ల. చాన్నాళ్ళ తర్వాత చిన్న పంతులమ్మకు కడుపు నిండినట్టయింది.

సరిగ్గా అప్పుడే హెడ్మాస్టారు వచ్చాడు. బోర్డు వైపు చూడనైనా చూడలేదు. ఆయన కళ్ళు మాస్టారి చేతిలోని వంకర కాజా మీద పడ్డాయి.

"ఆహా! మగవాడై ఉండి కుట్టు కూడా నేర్చుకుంటున్నాడు! శ్రద్ధంటే ఇదమ్మా. పై ఏడు కుట్టు కూడా ఇతనికే ఇచ్చేద్దాం."

"పై ఏడెందుకు, ఇవాళే ఇచ్చెయ్యండి. నాకు లెక్కలివ్వండి."

"డ్రిల్లు రాకుండా ఎలాగమ్మా? అది ఆడగొంతుకి లొంగదు."

చిన్న పంతులమ్మ ఊపిరి నిండా పీల్చుకుంది. ఇన్నాళ్ళూ మింగిన కోపమంతా గొంతులోకొచ్చింది.

"అటెన్‌షన్!"

పిల్లలు లేచి నిలబడ్డారు. మాస్టారు సూదితో సహా లేచాడు. హెడ్మాస్టారి మడమలు టక్కున కలిశాయి, చేతులు ప్యాంటుకి అతుక్కున్నాయి, గడ్డం పైకి లేచింది. ఆయన మొహంలో కంగారు కనిపిస్తోంది గానీ ఒళ్ళు మాట వినడం లేదు.

ఆమె వాళ్ళిద్దరినీ ఎగాదిగా చూసింది. పిల్లల్ని మాత్రం సైగ చేసి కూర్చోబెట్టి, సుద్దముక్క తీసుకుని తాపీగా లెక్క ముగించింది.

"రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు!" అంది ఆ పిల్ల.

"సరిగ్గా చెప్పావు," అని ఆమె హెడ్మాస్టారి ఎదురుగా వచ్చి నిలబడింది. "రేపట్నుంచి అయిదో తరగతి లెక్కలు నాకే కదూ?"

"ఎస్ సార్!" అన్నాడాయన, చూపు తిప్పకుండా.

అప్పుడు గానీ ఆమె "స్టాండెటీజ్" అనలేదు.