అడ్డగీత

మోకాళ్ళ లోతు నీళ్ళలో పుస్తకాల బీరువాల మధ్య నడుస్తోంది తబిత, అది బందరు లైబ్రరీలో నిన్న మధ్యాహ్నం తను కూర్చున్న పాత గదే, కానీ గోడ ఉండవలసిన చోట సముద్రం ఉంది, సముద్రం ఉండవలసిన చోట ఇంకో బీరువా ఉంది, దాని వెనక ఇంకోటి, ఎంత నడిచినా తోలు అట్టల వాసన, నానిన కాగితం వాసన, ఎక్కడో ఎవరో నీళ్ళు తోడి పోస్తున్న చప్పుడు. కాళ్ళ దగ్గర అక్షరాలు గుంపులు గుంపులుగా ఈదుతున్నాయి. కుచ్చిళ్ళు తడవకుండా కుడిచేత్తో ఎత్తిపట్టుకుంది, ఎడమచేయి మాత్రం పైట చాటునే ఉంది. కలలో కూడా ఆ చేయి బయటికి రాదు. చిన్నప్పుడు నేర్పిన భయం అంత తేలిగ్గా వదులుతుందా?

ఆ చేతికి మధ్యవేలూ ఉంగరంవేలూ పుట్టుకతోనే కలిసిపోయి ఉన్నాయి, గోళ్ళదాకా. రెండిటి మధ్యా పలచటి చర్మం, దీపానికి అడ్డం పెడితే ఎర్రగా వెలుతురు కనిపిస్తుంది. దీపానికి అడ్డం పెట్టి చూసుకున్న రోజున తల్లి చేతిలో దెబ్బలు తిన్నది తబిత.

నీళ్ళ చప్పుడు దగ్గరవుతోంది, అది ఎవరిదో తనకు తెలుసు, చివరి బీరువా మలుపు తిరిగేసరికి నీళ్ళలోనే పీట వేసుకుని, ఒళ్ళో ఇత్తడి బేసిన్ పెట్టుకుని, తల వంచుకుని ఏదో కడుగుతూ తల్లి రాహేలమ్మ కూర్చుని ఉంది. చనిపోయినప్పటి వయసే, నలభై దాటి ఉంటాయేమో, జుట్టు ఇంకా నల్లగానే ఉంది. తబిత ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, తల పండిపోయింది. తల్లి తలెత్తి చూసి, పెద్దావిడ వచ్చిందని గబగబా పైట సర్దుకుంటుంది.

"రండమ్మగారూ, మిషను బళ్ళోంచి వచ్చారా?"

"అమ్మా, నేను తబితని."

"మా పిల్ల పేరు గూడా అదేనండి," అంటుంది రాహేలమ్మ సంబరంగా. "ఇదిగో, దాని చెయ్యే కడుగుతున్నా. ఒక్క క్షణం కదలకుండా ఉండదు, బంగారు తల్లి."

తబిత వంగి చూస్తుంది. ఒళ్ళో పిల్ల లేదు. బేసిన్‌లో నీళ్ళలోంచి ఒక చేయి మాత్రం పైకి వచ్చి ఉంది, నెలల పిల్ల చేయి, రెండు వేళ్ళు కలిసిపోయిన ఎడమచేయి, దాన్ని రాహేలమ్మ బొటనవేలితో మెల్లగా రుద్దుతోంది, రుద్దినప్పుడల్లా పైట చాటున తబిత చేయి చల్లబడుతోంది. భయం వేసింది. పారిపోవాలనిపించింది. కానీ ఒక్క మాట చెప్పడానికే ఇంతదూరం వచ్చింది, చెప్పకుండా ఎలా వెళ్తుంది?

ఆ మాట సంగతి ఇది. తబిత పుట్టినప్పుడు ఆ చేయి చూసి వీధి వీధంతా తలా ఒక మాట అన్నది. గ్రహణంనాడు కడుపుతో ఉన్న తల్లి కత్తిపీట ముట్టుకుందని ఒకరు, కాదు, చేప కోసిందని ఇంకొకరు. రాహేలమ్మ ఇవేవీ నమ్మలేదు. ఆమెకు అక్షరం ముక్క రాదు, అందుకే అచ్చులో ఉన్నదంటే అంత గురి. పసిపిల్లను ఎత్తుకుని సరాసరి మిషను బడి ఇంగ్లీషు మేస్టారు ఆశీర్వాదంగారి దగ్గరికి వెళ్ళి, "దొరలు వదిలేసిపోయిన పుస్తకాల్లో ఇట్టాంటి చెయ్యి గురించి ఏమన్నా ఉందేమో చూసిపెట్టండి" అని అడిగింది.

ఆ దొరలు బందరు రేవులో ఓడలు దిగిన కాలంనాటి దొరలు, పుస్తకాలూ అప్పటివే. మేస్టారు వెతికి తీసినది లావుపాటి పుస్తకం. సగం చర్చి ప్రసంగాలు, సగం రాజుల చరిత్ర, మిగిలిన సగం లోకంలోని వింతలు. మూడు సగాలేమిటని అడగకండి, అంత లావు పుస్తకంలో ఎన్ని సగాలైనా పడతాయి. నెత్తుటి వాన, తోకచుక్క, బిషప్పుగారి టోపీతో వలలో పడ్డ చేప, అన్నీ అయ్యాక ఏదో చలిదేశపు ఊళ్ళో పుట్టిన ఒక బిడ్డ సంగతి.

ఆ పాత అచ్చులో ఒక తిరకాసు ఉంది. 'ఎస్' అక్షరం చూడ్డానికి అచ్చం 'ఎఫ్' లాగే ఉంటుంది. తేడా అల్లా నడుమనున్న అడ్డగీతలో. 'ఎఫ్'కైతే గీత నిలువుగీతను దాటి కుడిపక్కకు వస్తుంది, 'ఎస్'కైతే ఎడమపక్కనే ముక్కగా ఆగిపోతుంది. తెలియనివాళ్ళు సూర్యుణ్ణి చూపించే 'సన్'ను 'ఫన్' అని చదివి నవ్వులపాలవుతారు. మేస్టారికి ఆ సంగతి తెలుసు, తెలుసన్న గర్వమూ ఉంది, అంచేత 'ఎఫ్' కనబడ్డ చోటల్లా ఆగకుండా 'ఎస్' అని చదివేసేవారు. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత ఆయన్ని చూసి పుట్టలేదు గానీ ఆయనకు సరిగ్గా అతికింది. అక్కడ ఉన్నది నిజమైన 'ఎఫ్'. ఆ బిడ్డ చేతిమీద 'ఫిన్'తో, అంటే చేప రెక్కతో పుట్టిందని రాసి ఉంది. మేస్టారు 'సిన్' అని చదివారు. "చేతిమీద పాపంతో పుట్టిందట తల్లీ" అని చెప్పి, మంచిమనిషి గనక, తనూ కళ్ళు తుడుచుకున్నారు.

ఏ పాపమో పుస్తకంలో లేదు. రాహేలమ్మ తనకు తెలిసినవన్నీ వెతికిపెట్టుకుంది. పెళ్ళికి ముందు దొంగతనంగా తిన్న మామిడికాయలు, అత్తగారిని మనసులో తిట్టుకున్న తిట్లు, అన్నీ. శుక్రవారాలు పస్తులుంది. బందరులో పుట్టి, చందువా పులుసంటే ప్రాణం పెట్టే మనిషి, చేప తినడం మానేసింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్న ఆపరేషన్‌తో వేళ్ళు విడదీస్తానంటే ఒప్పుకోలేదు. "పాపాన్ని కొయ్యరమ్మా, కడుగుతారు" అన్నది. సముద్రం నీళ్ళు తెప్పించి రోజూ ఆ చేయి కడిగేది, నలుగురిలోకి వెళ్తే పైట చాటున దాయమనేది. తబిత కాలేజీలో చదువుతుండగా రాహేలమ్మ జ్వరంతో పోయింది. ఆ సాయంత్రం కూడా బేసిన్ తెమ్మన్నది.

నిన్న మధ్యాహ్నం, ఇప్పుడు లైబ్రరీకి చేరిన ఆ పుస్తకాలను ఊసుపోక తిరగేస్తున్న తబిత ఆ పేజీ దగ్గరికి వచ్చి, నిలువుగీతను దాటి కుడిపక్కకు వచ్చిన అడ్డగీతను చూసింది. కాలేజీలో ఏళ్ళ తరబడి ఇంగ్లీషు పాఠం చెప్పిన మనిషి, పొరబాటు పడడానికి వీల్లేదు. ముందు నవ్వు వచ్చింది, తరువాత అన్నం సయించలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కాబోలు అనుకుంటూ పడుకుంది.

"అమ్మా, ఇంక కడగొద్దు. అది పాపం కాదు," అంటోంది ఇప్పుడు, నీళ్ళు నడుముదాకా వచ్చాయి.

"మేస్టారు చదివి చెప్పారండి. ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు."

"అబద్ధం కాదమ్మా, తప్పు చదివారు."

"ఆయన తప్పు చదవటమేంటండీ?" రాహేలమ్మకు నవ్వొస్తోంది. "అరుగో, ఆయన్నే అడగండి."

మేస్టారు అక్కడే ఉన్నారు, ఎప్పటినుంచో ఉన్నట్టున్నారు, పంచె నీళ్ళలో తేలుతోంది, చంకలో గొడుగు, రెండు చేతుల్లో తెరిచిన పుస్తకం, చూపుడువేలు ఆ వాక్యం మీదే. ఆయన పక్కనుంచి టోపీ పెట్టుకున్న చేప మెల్లగా ఈదుకుంటూ పోతోంది, దానికి దారి ఇస్తూ మర్యాదగా ఒక అడుగు వెనక్కి వేశారు.

"మేస్టారూ, అది 'ఎఫ్' అండీ. గీత చూడండి."

"అందరూ అక్కడే పొరబడతారమ్మా," అంటారాయన జాలిగా. "పాత అచ్చు. నీకింకా అలవాటు కాలేదు. ఏదీ, నువ్వే చదువు."

తబిత చదవబోతుంది. 'ఫిన్' అనే అనుకుంటుంది, నోట్లోంచి 'సిన్' అని వస్తుంది. ఇంగ్లీషు వద్దనుకుని తెలుగులో చెప్పబోతుంది, చేప రెక్క, చేప రెక్క అని మనసులో గట్టిగా పట్టుకుని నోరు తెరుస్తుంది, "పాపం" అంటుంది. మళ్ళీ తెరుస్తుంది, "పాపం" అంటుంది. మేస్టారు శభాష్ అన్నట్టు తల ఊపుతున్నారు, రాహేలమ్మ చూశారా అన్నట్టు చూసి మరింత గట్టిగా రుద్దుతోంది, చర్మం మండిపోతోంది, ఏ మాట ఆపడానికి వచ్చిందో ఆ మాటే తన నోటితో తల్లికి మళ్ళీ మళ్ళీ చెబుతోంది. ఏడుపు వచ్చేసింది తబితకు. ఇంక మాటతో కాదని, పైట చాటునుంచి ఎడమచేయి బయటికి తీసి, తల్లి మొహం ముందు వేళ్ళన్నీ విప్పి పట్టుకుంది.

రాహేలమ్మ బేసిన్‌లో చేతిని చూసింది, ఈ చేతిని చూసింది. ముడతలు పడ్డ చేయి, గోళ్ళు మొద్దుబారిన చేయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి నోటిమీద చేయి వేసుకుంది.

"ఓసి నువ్వటే! ఇంత ముసల్దానివెప్పుడయ్యావే?"

"అయ్యానమ్మా." మాట వచ్చింది. వచ్చిందే చాలని గబగబా చెప్పేసింది. "చేప రెక్కమ్మా. ఆ పుస్తకంలో రాసింది చేప రెక్క అని. పాపమని లేదు. నువ్వు ఏమీ చెయ్యలేదు."

"చేప రెక్కా?"

"చేప రెక్కే."

రాహేలమ్మ పడీపడీ నవ్వింది. బేసిన్ ఒలికిపోయేంత నవ్వింది. నవ్వి నవ్వి ఆగి, "మరి నేను తినని చేపలో?" అని అడిగింది.

తబిత మేస్టారి పుస్తకం వైపు చెయ్యి చూపించింది.

"ఏదీ, ఆ గీతేదో చూపించు," అంటూ రాహేలమ్మ మేస్టారి చేతిలోని పుస్తకం మీదికి వంగి, బళ్ళో మొదటిరోజు పిల్లలా తడివేలు అక్షరం మీద పెట్టింది. తబిత వద్దని అరిచేలోపే సిరా కరిగింది. కుడిపక్కకు వచ్చిన ముక్క చెరిగిపోయి, ఎడమపక్క ముక్క మాత్రం మిగిలింది. రాహేలమ్మ వేలికి అంటిన నల్లచుక్కను చూసుకుంది.

"పోయిందా?"

"పోయిందమ్మా."

"పాపం," అన్నది రాహేలమ్మ. ఆ మాట ఎందుకన్నదో, ఏ అర్థంలో అన్నదో తబితకు తెలియలేదు. తల్లి మేస్టారికేసి చూస్తోంది, ఆయన ఇంకా అక్కడే వేలు పెట్టుకుని నవ్వుమొహంతో నిలబడి ఉన్నారు. "ఆయనతో అనమాకే. మంచాయన, తట్టుకోలేడు."

అని, తబిత చేయి తీసుకుని బేసిన్‌లో ముంచి కడగడం మొదలుపెట్టింది.

"ఇంకా ఎందుకమ్మా? చెప్పాను గదా!"

"చెప్పావులే." చేతులు ఆగలేదు. "ఎవరి పిల్లలన్నా నడక రాంగానే చెయ్యి విడిపించుకు పోతారు. నీ చెయ్యి నేను చచ్చిందాకా రోజూ పట్టుకున్నా, ఈ వంకనే గదా. ఇప్పుడొచ్చి పాపం లేదంటే ఎట్టాగే? నన్నిక్కడ ఏ పని చేసుకోమంటావు?"

నీళ్ళు భుజాలదాకా వచ్చాయి. కూర్చున్న తల్లికి ముందు మెడ మునిగింది, తరువాత మొహం మునిగింది, నల్లటి జుట్టు ఒక్కటే పైన తేలుతోంది, అదీ పోయింది, తబిత పిలుస్తోంది, మేస్టారి గొడుగు ఒంటరిగా తేలుతూ బీరువాల మధ్యకు వెళ్ళిపోతోంది. అడుగున ఎక్కడో బొటనవేలు మాత్రం ఇంకా రెండు వేళ్ళ మధ్య మెల్లగా రుద్దుతూనే ఉంది, చెయ్యి లాక్కుంటే తల్లి ఒంటరిదవుతుంది, లాక్కోకపోతే తనూ మునుగుతుంది, లాక్కోలేదు. నీళ్ళ కిందనుంచి మాట వచ్చింది, కోపంగానూ లేదు, ముద్దుగానూ లేదు, పని మధ్యలో తల్లులు అనేట్టు అన్నది.

"పిడికిలి బిగించమాకే. ఇప్పు."

తబితకు మెలకువ వచ్చింది. తెల్లవారింది, బయట వాన. మంచం పక్కన కిటికీ రెక్క ఒకటి గాలికి తెరుచుకుని, జల్లు లోపలికి కొడుతోంది. రోజూ తలగడ కింద దాచుకునే ఎడమచేయి ఎప్పుడు బయటికి వచ్చిందో, మంచం అంచు దాటి ఆ రెక్క కిందికి చాపి ఉంది, వేళ్ళన్నీ విప్పుకుని. కలిసిన రెండు వేళ్ళ కొసలు నాని తెల్లగా ముడతలు పడ్డాయి. కుడిచేయి పొడిగానే ఉంది.

లేచి రెక్క వేయబోయి, కాసేపు దాన్ని పట్టుకుని నిలబడింది. వేయలేదు. చేయి ఇంకొంచెం బయటికి చాపింది.