ఇస్త్రీపెట్టె లేని సాక్ష్యం

మూడో బెంచీ కింద కారి గడ్డకట్టిన కొవ్వొత్తి మైనాన్ని ఆమె మొండికత్తితో గీకుతోంది. మోకాళ్ల కింద మడతపెట్టిన గోనెసంచి, పక్కన సబ్బునీళ్ల బకెట్టు. వేదిక మీద పాస్టరుగారు ఆదివారం ప్రసంగాన్ని ఖాళీ బెంచీలకు వినిపించుకుంటున్నారు. ఈ వారం పశ్చాత్తాపపడిన రాజుల వంతు. ఊరియాను చంపించి అతని భార్యను తెచ్చుకున్న దావీదు ఏడ్చాడు, దేవుడు క్షమించాడు. అహాబు గోనె కట్టుకున్నాడు, శిక్ష వాయిదా పడింది. మనష్షే కన్నకొడుకులను నిప్పుల పాలు చేశాడు; సంకెళ్లలో పడ్డాక మొరపెట్టుకున్నాడు, పోయిన సింహాసనం తిరిగొచ్చింది.

ఆమె కత్తి ఆపింది.

“అయ్యగారూ, దావీదు ఊరియాకేమైనా చెప్పుకున్నాడా?”

“ఊరియా అప్పటికే చనిపోయాడు కదమ్మా.”

“అదేలెండి. చంపేస్తే ఆ శ్రమ కూడా ఉండదు.”

పాస్టరుగారు నవ్వాలో వద్దో తేలక కాగితాలు సర్దుకున్నారు. ఊడ్చే మనిషితో వాదానికి దిగడం ఆయనకు అలవాటు లేదు. “మన మనష్షే ఎలా ఉన్నాడు?” అని మాట మార్చారు.

మన మనష్షే ఆమె మొగుడు. సంఘం ముద్దుగా పెట్టుకున్న పేరది. ఒకప్పుడు పెంకుల ఫ్యాక్టరీలో మేస్త్రీ. ఇంట్లోనూ మేస్త్రీయే. ఆయన తిని లేచేదాకా తల్లీకూతుళ్లు గోడకు ఆనుకుని నిలబడాలి. కూర బాగుంటే మాట్లాడేవాడు కాదు, బాగోకపోతే కంచం మాట్లాడేది. తర్వాత ఇంకొకామెతో వెళ్లిపోయాడు. పక్షవాతం వచ్చి కాలూ చెయ్యీ పడిపోయాక, ఆ ఇంకొకామె అతన్ని ఆటోలో తెచ్చి మందిరం గేటు ముందు దించి, వెనక్కి చూడకుండా పోయింది. వందెలుకలను తిన్న పిల్లి తీర్థయాత్రకు కూడా ఆటోలోనే వచ్చింది. ఆ నెలలోనే బాప్తిస్మం. మందిరం వెనక విరిగిన కుర్చీలు పడేసే గదిలో మంచం వేయించారు. ఒళ్లు తుడవడానికి, దొడ్డికి తీసుకెళ్లడానికి మనిషిని వెతికే పని కూడా లేకపోయింది. పెళ్లాం ఉందిగా, అదీ మందిరంలోనే.

అప్పటినుంచి ఆమె అతన్ని “నువ్వు” అంటోంది. అంతకుముందంతా “మీరు”. ఆ మార్పు అతనికి తప్ప ఎవరికీ పట్టలేదు.

వీలైన ప్రతి ఆదివారమూ అతన్ని చక్రాల కుర్చీలో ముందుకు తోసుకొచ్చి సాక్ష్యం చెప్పించేవారు. బాగా చెప్పేవాడు. తాగుడు చెప్పేవాడు, పేకాట చెప్పేవాడు, ఆడవాళ్ల సంగతి చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవాడు. చెప్పినకొద్దీ పాపాలు పెరిగేవి. అవి పెరిగినకొద్దీ జనం కళ్లు తుడుచుకునేవారు. ఆమె తలుపు దగ్గర చీపురు పట్టుకుని ఇస్త్రీపెట్టె కోసం ఎదురుచూసేది. చొక్కా మాడ్చిందని తొమ్మిదేళ్ల పిల్ల ఎడమచేతిని బల్లకు అదిమిపట్టి దానిమీద పెట్టిన ఇస్త్రీపెట్టె. అది ఏ ఆదివారమూ రాలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు లోకులు. ఇతను కాల్చుకున్నది తన చేతులు కూడా కాదు.

మధ్యాహ్నం పాలు తాగించడానికి వెళ్లింది. రెండు చెంచాలు మింగి తల తిప్పేశాడు. మూతి ఒకవైపుకు జారి ఉంది.

“అమ్మాయిని పిలు.”

“దేనికి? సాక్ష్యం వినడానికా?”

“చెయ్యి చూడాలి.”

“ఏ చెయ్యి?”

చాలాసేపు పైకప్పు రేకులకేసి చూశాడు. “ఎడమది.”

ఆమె చెంచా గ్లాసులో వేసింది. “దేవుడికి చెప్పుకున్నావా?”

“చెప్పాను. ఆయన క్షమించాడనే అనుకుంటున్నా.”

“ఎందుకు క్షమించడు. ఆయనకి కాలలేదుగా.”

వెంటనే ఫోన్ చెయ్యలేదు. అతని పక్కదుప్పటి ఉతికింది, మిగతా బెంచీలు తుడిచింది, బాత్రూములు కడిగింది. రాజుగారిని కాస్త ఎదురు చూడనీ. సాయంత్రమవుతుండగా చేతులు కొంగుకు తుడుచుకుని కూతురికి ఫోన్ చేసింది.

“నీ చెయ్యి చూస్తాడట.”

“మంచుగోదాముకు డ్యూటీకి వెళ్తూ వస్తాలే అమ్మా” అంది కూతురు.

వచ్చింది. కోటు జేబుల్లోంచి చేతులు తీయకుండా గుమ్మంలో నిలబడింది. ఆ గదిలోకి ఆ పిల్ల రావడం అదే మొదలు. అతను లేవబోయాడు, చేతకాలేదు. కూతురు దగ్గరికి వెళ్లి కుడిచెయ్యి చాపింది.

“చూడు నాన్నా. బాగానే ఉంది.”

“అది కాదమ్మా.”

“నాకు తెలుసు.”

అతను ఏడవడం మొదలుపెట్టాడు. ఆదివారం ఏడుపులాగా లేదది, ముక్కు కారుతోంది, వికారంగా ఉంది.

“ఏడవకు” అంది కూతురు. “అది అక్కడ చెల్లుతుందేమో. నా దగ్గర చెల్లదు.”

ఆమె నీళ్ల వంకతో బయటికి నడిచింది. కుళాయి సన్నగా వస్తోంది. బిందె నిండాక కూడా కాసేపు అక్కడే నిలబడింది. తిరిగొస్తుంటే కూతురు గేటు దగ్గర ఎదురైంది.

“ఏమన్నాడు?”

“ఏమీ అనలేదు. బస్సు వచ్చేస్తుంది, వెళ్తానమ్మా.”

గదిలో అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. “లే, నీళ్లు తాగు” అంది. లేవలేదు. “వేషాలు వెయ్యకు” అంటూ భుజం పట్టి తిప్పింది. అప్పుడు తెలిసింది.

కబురు విని పాస్టరుగారు వచ్చారు. కళ్లు మూసుకుని ప్రార్థించారు. తర్వాత మెల్లగా, “చివరి మాటలేమైనా అన్నాడా అమ్మా? ఆదివారం సంఘానికి చెబుదాం” అన్నారు.

“సంఘానికి చెప్పేవి కావు.”

“ఎంత పాపికైనా దేవుడి కనికరం, చూశావా.”

“దేవుడిదో, ఎవరిదో” అంటూ ఆమె దుప్పటి మొహం మీదికి లాగబోయి ఆగింది.

అతని అరచేతి కింద, మంచుగోదాములో చేపల పెట్టెలు మోసేవాళ్లు వేసుకునే మందపాటి తొడుగు ఒకటి ఉంది. ఎడమచేతిది. కన్నతల్లి ముందు కూడా ఆ పిల్ల ఎన్నడూ విప్పనిది. దాని వేళ్లు లోపల ఇంకా చెయ్యి ఉన్నట్టే కొంచెం వంగి ఉన్నాయి.