తాడు మీది అవునులు

షెడ్డక్క పొద్దున్నే ముప్పై కుక్కలకి తిండి పెట్టి, ముసలి గాడిద భుజం మీది పుండు కడిగి, చేతులు తుడుచుకుని, కాగితాలూ కలమూ పట్టుకుని వీధిలో పడేది. బస్సుల గ్యారేజీ వెనకున్న ఆ జంతువుల షెడ్డుని ఎత్తేసి చెత్త లారీలు నిలపాలని పురపాలక అధ్యక్షుడి పట్టుదల. ఎత్తేస్తే ఈ ప్రాణులన్నిటినీ లారీకెక్కించి ఊరి బయట పెద్దరోడ్డు మీద దింపేస్తారు. "జనానికి షెడ్డు కావాలని రుజువు చూపించండి, ఆలోచిస్తా" అన్నాడాయన. అందుకని నాలుగు వందల ఇళ్లకి ఒకటే ప్రశ్న: జంతువుల్ని కాపాడాలా? అవును, కాదు. ఇంటివాళ్లే టిక్కు పెట్టాలి.

కలం వాళ్లమ్మది. మనసులో ఉన్నది రాస్తే సిరా అప్పటికప్పుడే ఆరిపోతుంది. పైపైన రాస్తే ఎన్నాళ్లైనా ఆరదు. ఊళ్లో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. తెలిసీ ఆ కలంతోనే నవ్వుతూ టిక్కు పెట్టేవాళ్లు, ఏమంటాం!

"అయ్యో, నోరులేని జీవాలు కదమ్మా!" అంది మేడింటావిడ, అవును మీద ఇంత పొడుగు టిక్కు పెట్టి. ఆవిడ కుక్క డాబా మీద, మిట్టమధ్యాహ్నం ఎండలో, ఖాళీ గిన్నె ముందు కట్టేసి ఉంది.

"దానికి నీళ్లు పెట్టండి పిన్నిగారూ."

"పనిమనిషి రాలేదమ్మా ఇవాళ."

షెడ్డక్కకి ఒళ్లు మండిపోయింది. తనే డాబా ఎక్కి గిన్నె నింపి వచ్చింది. ఆ కాగితం కూడా షెడ్డులో బట్టలారేసే తాడెక్కింది. అప్పటికే తాడు నిండా అవునులే, చుక్కలు కారుతూ.

మాంసం కొట్టు బాబాయి మాత్రం కలం ముట్టుకోలేదు. "నన్నడుగుతావేంటే? వాటిని కోసుకుని బతికేవాణ్ణి. ప్రేమా దోమా నాకు తెలీవు. కానీ ఎవడైనా ఊరికే కొడుతుంటే చూళ్లేను. దానికి గడి ఉందా?"

"లేదు బాబాయ్. పక్కన రాయండి."

రాశాడు. ఆయన చెయ్యి తియ్యకముందే ఆరిపోయింది. అలా ఆరినవి నాలుగొందల్లో పంతొమ్మిది.

షెడ్డు నడిపే జంతు సంరక్షణ సంఘం కార్యదర్శి పెద్దాయన తాడు కేసి చూసి తల పట్టుకున్నాడు. మంచివాడే. ఉపన్యాసమంటే చెవి కోసుకుంటాడు, షెడ్డు వాసన మాత్రం పడదు. "మూడొందల ఎనభై ఒక్కమంది అవునన్నారమ్మా! అది చాలదూ?" అని, పురపాలక సమావేశానికి ముందురోజు కూర్చుని, ఆరని టిక్కులన్నిటినీ అద్దుడు కాగితంతో అద్ది, పైన బాల్‌పెన్నుతో దిద్దేశాడు.

అధ్యక్షుడు కట్ట తిరగేసి చిరునవ్వు నవ్వాడు. "భలే! ఊరంతా ఇంత ప్రేమ ఉంటే ఇక షెడ్డెందుకండీ? తలా ఒకదాన్ని ఇంట్లో పెట్టుకుంటారు." అక్కడికక్కడే ఉత్తర్వు రాయించాడు: జంతువుల్ని ప్రజలే ప్రేమతో చూసుకోగలరని పూర్తిగా నమ్ముతూ షెడ్డు మూసివేయడమైనది.

షెడ్డక్క గొంతు లేచింది. "నమ్ముతున్నారా? మా గాడిదని మీ ఇంటికి తోలుకురమ్మంటారా, చెప్పండి!"

"కూర్చోమ్మా" అంటూ అధ్యక్షుడు జేబులు తడుముకున్నాడు. "ఎవరిదగ్గరైనా కలముందా?"

షెడ్డక్క తనది విసురుగా బల్ల మీద పెట్టింది. ఆయన సంతకం గీకేశాడు.

గుమాస్తా ముద్ర పట్టుకుని వంగి చూశాడు. ఊదాడు. ఫ్యాను కింద పెట్టాడు. "తడి సంతకం మీద ముద్ర వెయ్యకూడదండీ, మా రూలు. ఆరనివ్వండి."

మూడు వారాలైంది. ఉత్తర్వు గుమాస్తా కిటికీకి వేలాడుతూనే ఉంది, కింద పళ్లెం పెట్టారు. మళ్లీ సంతకం పెడదామంటే, మొదటిది తేలందే రెండోది చెల్లదట, అదీ రూలే. లారీలు ఎండలో నిలబడ్డాయి. గాడిద పుండు మానుతోంది. మాంసం కొట్టు బాబాయి రోజూ ఎముకలు తెచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా గేటు దగ్గర పెట్టిపోతున్నాడు.

పెద్దాయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని షెడ్డుకొచ్చాడు. "మళ్లీ ఇంటింటికీ వెళ్దామా అమ్మా?"

"వెళ్దాం. అవునా కాదా అని మాత్రం ఈ జన్మలో అడగను. ఆ అవునులతో మా పీక కోశారు! పొద్దున్నే షెడ్డు పనికి ఎన్నింటికి వస్తారని అడుగుతా. ముందు మీరు రాయండి."

కాగితమూ కలమూ చేతిలో పెట్టింది. ఆయన కుక్కల వంక చూశాడు, పేడ తట్ట వంక చూశాడు. రుమాలు తీసి జేబులో పెట్టుకుని, ఐదున్నరకి అని రాశాడు.

షెడ్డక్క అలవాటుగా కాగితాన్ని తాడు దగ్గరికి తీసుకెళ్లి, వేలితో తడిమి చూసింది. తగిలించకుండానే మడిచి కొంగున కట్టుకుంది.