బొమ్మల కింది మాటలు

సోమవారం ప్లానింగుకి ముందు అందరికీ టీ పోసేది నేనే. పొయ్యమని ఎవరూ అడగరు. నేను పొయ్యకపోతే ఎవరూ పొయ్యరు, అంతే. ఆ రోజు మా బాస్ ముతీసో కప్పు అందుకుంటూ, "టీం లీడ్ ఎవరో ఈ రెండు వారాల స్ప్రింట్ అయ్యాక చెప్తాను. పాయింట్లలో కిబెట్ చాలా ముందున్నాడు. నువ్వే వెనకబడ్డావు నెకేసా," అన్నాడు.

నైరోబీలో మాది చిన్న ఆఫీసు. మారా అడవి పక్కన గుడారాల్లో బసకి బుకింగులు తీసుకునే వెబ్‌సైటు. నెట్‌లో వెతికేవాళ్లకి మొదటి పేజీలో కనబడకపోతే మేం లేనట్టే లెక్క. రెండు వారాలకోసారి కూర్చుని ఏ పని ఎంత బరువో తేలుస్తాం. పని పేరు కార్డు మీద రాయగానే అందరూ ఒక్కసారే వేళ్లెత్తాలి, ఎన్ని వేళ్లయితే ఆ పని చేసినవాళ్లకి అన్ని పాయింట్లు. కిబెట్ పేజీలు అందంగా గీస్తాడు, కాదనను. కానీ అక్షరాల్ని కూడా బొమ్మలో కలిపేస్తాడు. సెర్చికి బొమ్మలోని అక్షరాలు చదవడం రాదు. అందుకని ప్రతి బొమ్మ కిందా అందులో ఏముందో విడిగా నేను రాసుకుంటూ వస్తున్నాను, ఏడాదిగా. దానికి కార్డూ లేదు, పాయింట్లూ లేవు. నాలుగో పేజీ నుంచి మొదటి పేజీకి చేరిన రోజున కేకు కోసింది కిబెట్.

మా ఆయన బరాసా ఓసారి నా భుజం మీంచి తొంగిచూసి, "బొమ్మలకి పేర్లు పెట్టినా జీతమిస్తారా?" అన్నాడు. అత్తయ్య బుంగోమా నుంచి వచ్చినప్పుడల్లా "మా కోడలిది కూర్చునే ఉద్యోగం" అని చుట్టాలకి చెబుతుంది. మొక్కజొన్న పిండితో ఉగాలి కలిపి, ఆకుకూర వేయించి, పిల్లల యూనిఫాంలు ఉతికి, అప్పుడు కూర్చుంటాను. ఇంట్లో అయితే వేలెత్తే దిక్కు కూడా లేదు.

ఆ సోమవారం ప్లానింగులో కిబెట్ కొత్త పేజీలు చూపించాడు. నూట ఎనభై బొమ్మలు. "కింద మాటలు నెకేసా చూసుకుంటుందిలే."

ఒళ్లు మండిపోయింది. "దానికీ కార్డు రాయండి," అన్నాను.

రాశారు. అందరిదీ ఒక్కో వేలే లేచింది. నావి ఎనిమిది.

"అమ్మా తల్లీ, టీ తాగుతూ చేసే పనికి ఎనిమిదా!" కిబెట్ పడీపడీ నవ్వాడు.

"ఒక్క పాయింటులో చెయ్యడం నాకు చేతకాదు. చేతనైనవాళ్లు తీసుకోండి." కార్డు తీసుకెళ్లి అతని పేరు కింద అంటించాను.

"ఇదెంత, మధ్యాహ్నానికల్లా అయిపోతుంది," అన్నాడు.

నిజంగానే మధ్యాహ్నానికి అయిపోయింది. నూట ఎనభై బొమ్మల కిందా "అందమైన గుడారం" అని ఒకే మాట అతికించి పెట్టాడు. ఏనుగు బొమ్మ కింద కూడా. సరిదిద్దుదామని నా చెయ్యి లాగింది. ఆపుకున్నాను. రెండు వారాల్లో మూడో పేజీకి పడిపోయాం.

శుక్రవారం ముతీసో నా బల్ల దగ్గరికి వచ్చాడు. "లీడ్ కిబెట్‌కే ఇస్తున్నాను, పైవాళ్లకి ముందే మాటిచ్చేశాను. నువ్వు మాత్రం ఈ శని, ఆదివారాలు కూర్చుని ఆ బొమ్మల సంగతి చూడు తల్లీ. నీ అంత ఓపిక ఇంకెవరికీ లేదు."

ఏడాదిలో ఆ పనికి దక్కిన మొదటి మెచ్చుకోలు. ఆ ఒక్క మాటకి నా కళ్లు చెమ్మగిల్లాయి. అంత చవగ్గా కరిగిపోబోయినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఓపిక అనకండి బాస్, దాన్ని పని అంటారు," అన్నాను. "అది వచ్చినవాళ్లు ఇక్కడ నేను తప్ప ఎవరూ లేరు. నెలాఖరు నుంచి నేనూ ఉండను."